ఒసాకాకి పంపిన వడ్ల బస్తా

నేను పనిచేసిన రైస్ మిల్లులో పాస్‌పోర్టు అనేదాన్ని కళ్లజూసిన మొదటివాణ్ణి నేనే. డెబ్బైల నాటి మాట. విజయవాడ నుంచి గుడివాడ వెళ్లే దారిలో, కాలవ గట్టున, ఒక సహకార సంఘం వాళ్ల మిల్లు ఉండేది. అందులో నేను మెకానిక్కుని. వడ్లు దంచే పాత హల్లర్లు పీకేసి జపాన్ నుంచి కొత్త యంత్రాలు తెప్పించాలని సంఘం తీర్మానించింది. వాటిని విప్పడం, బిగించడం, నడపడం నేర్చుకోవడానికి ముగ్గురు మనుషులు నాలుగు నెలలు అక్కడి ఫ్యాక్టరీలో ఉండి రావాలన్నారు. ఆ ముగ్గురిలో నేనూ ఉన్నానని తెలిసిన సాయంత్రం సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వెళ్లాను కాని, దారిలో ఎవరు పలకరించారో, నేనేం జవాబు చెప్పానో అడిగితే చెప్పలేను. ఒళ్లు తెలియలేదు.

ఇప్పుడు మీకు విమానం ఎక్కడమంటే గన్నవరం దాకా వెళ్లి రావడమే. నవ్వుకుంటే నవ్వుకోండి. నేను మాత్రం మద్రాసు మెయిల్లో కూర్చుని, విమానంలో తలుపు తీస్తే గాలి కొడుతుందా అని తోటి ప్రయాణికుణ్ణి అడిగినవాణ్ణి. అయితే నేను చెప్పబోయేది విమానం గురించి కాదు. నాకంటే నాలుగు నెలల ముందు ఓడలో జపాన్ వెళ్లిన ఒక వడ్ల బస్తా గురించి.

సంక్రాంతికి ముందు ఆ ఫ్యాక్టరీ వాళ్ల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మీ మిల్లుకి మామూలుగా వచ్చే వడ్లు ఒక బస్తా పంపండి, వాటిని పరీక్షించి దాన్నిబట్టి మీ యంత్రాలు అమరుస్తాం అని. సంఘం అధ్యక్షులవారు ఆ పని నాకు అప్పజెప్పారు. మీరే చెప్పండి, మనవాళ్లు ఎవరింటికైనా బియ్యమో కందిపప్పో పంపాలంటే మామూలుది పంపుతారా? వియ్యాలవారింటికి పంపే సారెలో పురుగుపట్టిన పప్పు పెడతారా? అలాంటిది దేశం దాటి వెళ్లే బస్తాలో పచ్చి వడ్లు పోస్తామా? అసలే నేను మైలవరం దగ్గర మెరక ఊళ్లో పుట్టినవాణ్ణి. వడ్లంటే ఎండి గలగలమనాలని నా లెక్క. ఒక మెరక రైతు దగ్గర నిరుటి వడ్లు దొరికాయి. వాటిని మిల్లు ముందున్న సిమెంటు కళ్లంలో నాలుగు రోజులు ఎండబోయించాను. రెండుసార్లు చెరిగించాను. ఆడవాళ్లని కూర్చోబెట్టి మట్టిబెడ్డ లేకుండా ఏరించాను. కొత్త గోతాంలో పోసి, మూతి కుట్టి, దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాను. అధ్యక్షులవారు కొబ్బరికాయ కొట్టారు.

సరిగ్గా ఆ మూతి కుడుతుండగా మా బావగారు వచ్చారు. మా అక్కని కొల్లేటి పక్కన ఒక పల్లపు ఊళ్లో ఇచ్చారు. చుట్టుపక్కల పొలాల నీళ్లన్నీ బావగారి చేలోకే వచ్చి కూర్చుంటాయి. కోతల నాటికి వాన పడిందంటే ఆయన వడ్లు ఎప్పటికీ ఆరవు. ఏటా బండ్లు కట్టుకుని మా మిల్లుకి వచ్చేవారు. ఏటా నేనే ఒక గింజ పంటికింద వేసి కొరికి, పచ్చిగా ఉన్నాయి బావా, ఆరబెట్టి తీసుకురా అని తిప్పి పంపేవాణ్ణి. మిల్లులో సొంత బావమరిది ఉండి కూడా ఆయనకి ఒరిగిందేమీ లేదు. ఇంటికి తీసుకెళ్లిన వడ్లు కుప్పలో వేడెక్కి మొలకలొచ్చేవి. ఆఖరికి వర్తకుడు ఎంతిస్తే అంతకి ఇచ్చేసి, ఏడాదంతా మా అక్క పిల్లలకి నూకలు వండి పెట్టేది.

ఆ రోజు బావగారు కండువా కొసన చిన్న మూట కట్టుకొచ్చారు. అప్పుడే కోసిన తన చేలో వడ్లు.

"ఇవి కూడా అందులో కలుపు బావమరిదీ. వచ్చే మిషను నా వడ్లు కూడా చూడాలిగా," అన్నారు. ఒక గింజ తీసి నా నోట్లో వేసి కొరకమన్నారు. పంటికింద అది పగల్లేదు. మెత్తగా అణిగి, చల్లగా పాలలాంటి రుచి తగిలి, పంటికి అతుక్కుంది.

"ఫారిన్‌కి పంపేవి ఇవా బావా? ఏవనుకుంటారు మనల్ని?" అన్నాను.

ఆయన నవ్వేసి, అదీ నిజమేలే అని మూట అక్కడే బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. సాయంత్రం దాన్ని మిల్లు ఆవరణలో తిరిగే కోళ్లకి చల్లాను.

మే నెలలో బయల్దేరాం. ముగ్గురిలో పెద్దవారు ఇంజినీరుగారు, సర్కారు తరఫు మనిషి. యంత్రాలు సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టాల్సింది ఆయనే. రెండోవాడు విజయవాడ వన్‌టౌన్‌లో ఉండే ఎలక్ట్రీషియన్. నేను భాయ్ అని పిలిచేవాణ్ణి, ఆయన నన్ను తమ్ముడూ అనేవాడు. మోటారు ఎంత మొండికేసినా దానితో మాట్లాడుతూ బాగుచేసే మనిషి. జపాన్ మోటార్లతో కూడా తెలుగులోనే మాట్లాడేవాడు, అవి వినేవి.

ఫ్యాక్టరీ ఒసాకా నుంచి రైల్లో గంట దూరం. మొదటి రోజు మమ్మల్ని పరీక్షలు చేసే గదిలోకి తీసుకెళ్లారు. అద్దాల వెనక, మెరిసే తెల్లటి బల్ల మీద, మా బస్తా. పసుపు అలాగే ఉంది, బొట్టు కొంచెం చెదిరింది. దాన్ని చూడగానే నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఊరి మనిషి కనబడినట్టే అనిపించింది. ఇంగ్లీషు తెలిసిన ఒకావిడ వాళ్ల మాటలు మాకు చెబుతుండేది. ఇంత బాగా ఎండిన వడ్లు మేమెప్పుడూ చూడలేదంటున్నారు, మీ దగ్గర అన్నీ ఇలాగే ఉంటాయా అని అడిగింది.

"అన్నీ ఇలాగే ఉంటాయి," అన్నారు ఇంజినీరుగారు ఛాతీ విరుచుకుని. నేను కూడా తల ఊపాను. ఆ తల ఊపడం ఎంతదాకా వెళ్తుందో అప్పుడు నాకు తెలియదు.

అయితే మీకు పెద్ద డ్రయ్యర్ అక్కర్లేదు అన్నారు వాళ్లు. డ్రయ్యర్ అంటే పచ్చి వడ్లని వేడిగాలితో ఆరబెట్టే యంత్రం, మనిషికి రెండింతల ఎత్తుంటుంది. మా ఊళ్లో షెడ్డు అప్పటికే కట్టేశారు, అందులో జాగా ఇంతేనని కొలత ఉంది. పెద్ద డ్రయ్యర్ తీసేసి పేరుకి చిన్నది పెడితే, మిగిలిన జాగాలో రెండో పాలిష్ మిషను పడుతుంది, బియ్యం మల్లెపువ్వుల్లా వస్తాయి అన్నారు. మేం ముగ్గురం పొంగిపోయాం. నేనైతే మల్లెపువ్వుల మాట ఆ రోజే అధ్యక్షులవారికి ఉత్తరంలో రాశాను.

నాకు పని నేర్పింది అరవై దాటిన ఒక ఫోర్‌మన్. ఆయనకి ఇంగ్లీషు రాదు, నాకు జపనీసు రాదు. మొదటి వారం ఆయనకి కొండపల్లి అంబారీ ఏనుగు బొమ్మ ఇచ్చాను. రెండు చేతులతో అందుకుని, తన పనిబల్ల మీద స్పానర్ల పక్కన పెట్టుకున్నాడు. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య మాటలతో పెద్దగా పని పడలేదు. నేను బోల్టు ఎక్కువ బిగిస్తే నా మణికట్టు మీద వేలితో తట్టేవాడు. సరిగ్గా బిగిస్తే ఏనుగు వైపు చూసి తల ఊపేవాడు.

ఇక ఆదివారాలు. వాటి గురించి చెప్పమంటే ఇప్పటికీ నాకు హుషారొస్తుంది. తెల్లారగానే భాయ్, నేనూ ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని రైలెక్కేవాళ్లం. విజయవాడ జంక్షన్‌ని మించిన స్టేషను లోకంలో ఉండదని నా నమ్మకం. ఒసాకా స్టేషన్లో దిగిన మొదటి ఆదివారం బయటికి వచ్చే దారి వెతుక్కోవడానికే మాకు గంట పట్టింది. భూమి కింద వీధులు, ఆ వీధుల్లో కొట్లు, కొట్లలో చేపలు, గొడుగులు, రేడియోలు. వాటంతటవే కదిలే మెట్లు. మొదటిసారి భాయ్ వాటి ముందు చెప్పులు విప్పబోతే నేను ఆపాను. రెండోసారి నేనే కుడికాలు ముందు పెట్టి ఎక్కాను. పెద్ద బట్టల కొట్టులో లిఫ్టు దగ్గర తెల్ల చేతితొడుగులు వేసుకున్న అమ్మాయి వచ్చినవాళ్లందరికీ వంగి నమస్కారం పెట్టేది. ఊరుకుంటే మర్యాద కాదని నేనూ చేతులెత్తి తిరిగి నమస్కారం పెట్టేవాణ్ణి. ఆ అమ్మాయి మళ్లీ వంగేది, నేను మళ్లీ పెట్టేవాణ్ణి. మా వెనక లైను పెరిగిపోతుంటే భాయ్ నా చెయ్యి పట్టి లోపలికి లాగేవాడు.

తిండి దగ్గర మాత్రం ఇద్దరం సగం ఉపవాసాలే. ఆయనకి పంది మాంసం పనికిరాదు, నాకు గొడ్డు మాంసం పనికిరాదు. ఏ గిన్నెలో ఏముందో ఇద్దరికీ తెలియదు. గుడ్డు బొమ్మ గీసి చూపించి గుడ్డూ అన్నం తినేవాళ్లం. అయినా ఆకలి గుర్తులేదు. వారంలో ఆరు రోజులూ ఆదివారం కోసం ఎదురుచూడటమే గుర్తుంది.

జూన్‌లో అక్కడ ముసురు మొదలైంది. మా యంత్రాల ఆఖరి పరీక్ష, సంతకాలు బుధవారం అన్నారు. దానికి ముందు ఆదివారం ఒసాకాలో మేం నడుస్తుండగా వాన దంచింది. ఒక హోటలు చూరు కిందికి పరిగెత్తాం. పక్కనే అద్దాల బీరువాలో రకరకాల పళ్లాలు వరసగా పేర్చి ఉన్నాయి. తెల్లటి అన్నం, దాని మీద నిగనిగలాడే గుడ్డు, పక్కన రొయ్యలు. నాలుగు వారాల ఆకలి ఒక్కసారి గుర్తొచ్చింది. లోపలికి వెళ్లి అద్దంలోని పళ్లెం వైపే వేలు పెట్టి, అదే కావాలన్నాను. హోటలాయన నవ్వుతూ బీరువా తెరిచి ఆ పళ్లెం తీసి నా చేతికిచ్చాడు. బరువుగా ఉంది, చల్లగా ఉంది. గుడ్డు మీద వేలేస్తే టక్కుమంది. మైనంతో చేశారు.

భాయ్ పడీపడీ నవ్వాడు. "తమ్ముడూ, ఇది తినడానిక్కాదు, చూపించడానికి. మనకి పెట్టేది వేరే ఉంటది," అన్నాడు.

నేను నవ్వబోయి ఆగిపోయాను. బయట వాన పడుతోంది. మైనం అన్నం చేతిలో పట్టుకుని నిలబడ్డ నాకు పసుపు రాసిన బస్తా కళ్లముందు కనబడింది. నేను పంపింది కూడా చూపించడానికే. కోతల్లో మా మిల్లు ముందు ఆగే బండ్లలో అలాంటి ఎండు వడ్లు ఎన్నింటిలో ఉంటాయి? డెల్టా సగం పల్లమే. నేను తిప్పి పంపేది ఒక్క బావగారినేనా? ఇప్పుడు పెద్ద డ్రయ్యర్ లేని యంత్రం తీసుకెళ్తే ఇంకో ఇరవై ఏళ్లు తిప్పి పంపుతూనే ఉండాలి. అది కూడా నేను పంపిన బస్తా వల్ల. నిజమైన గుడ్డూ అన్నం బల్ల మీదికి వచ్చాయి. నాకు సయించలేదు, రెండు పళ్లాలూ భాయ్ తిన్నాడు.

సాయంత్రం మా బసలో ఇంజినీరుగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. మామూలు వడ్లే పంపామని సంతకం పెట్టింది ఆయన. ఇప్పుడు కాదంటే సర్కారు ముందు, పరాయి దేశం ముందు పోయేది ఆయన పరువు.

"ఏవయ్యా, ఇంతకాలం నోట్లో ఏం పెట్టుకున్నావ్? బుధవారం దాకా నోరెత్తకు. ఎత్తావంటే మర్నాడే విమానం ఎక్కిస్తాను," అన్నారు.

ఆయన మాట మీరితే నా ఉద్యోగం కూడా దక్కదని నాకు తెలుసు. సోమవారం పొద్దున్న ఫోర్‌మన్ దగ్గరికి వెళ్లాను. ఇంగ్లీషు వచ్చిన ఆవిణ్ణి పక్కన నిలబెట్టుకుని, నా వచ్చీరాని ఇంగ్లీషులో బస్తా కథ, బావగారి మూట కథ, కోళ్ల కథ అన్నీ చెప్పేశాను. ఆయన చివరిదాకా విన్నాడు. లేచి వెళ్లి ఒక తొట్టి నిండా నీళ్లు తెచ్చాడు.

మా బస్తాలో మిగిలిన వడ్లు ఒక పెద్ద గంపెడు ఆ నీళ్లలో పోశాం. కాసేపటికి నీళ్లు వంపేసి, వడ్లు గంపలోకి ఎత్తి, తడి గోతాం కప్పి పెట్టాం. తడి ఎంత ఉందో కొలిచే మీటరు అక్కడుంది. కాని బావగారి వడ్లలో తడి ఎంతో ఏ మీటరుకి తెలుసు? నా పంటికే తెలుసు. రెండు గంటలకోసారి వెళ్లి గోతాం ఎత్తి గింజ కొరికేవాణ్ణి. మొదట్లో పైన తడి, లోపల గట్టి. మంగళవారం మధ్యాహ్నానికి మెత్తబడింది. నేను కొరుకుతుంటే చూసి ఫోర్‌మన్ కూడా ఒక గింజ నోట్లో వేసుకున్నాడు. ఆయన దవడ కదిలిన తీరు చూడగానే నాకు అర్థమైంది, ఈయన కూడా రైతు బిడ్డే. బుధవారం పొద్దున్న నేను కొరికిన గింజ పంటికి అతుక్కుంది. చల్లగా, పాలలాంటి రుచి. అదే. నేను తల ఊపాను. ఎవరూ కదపకూడదని ఆయన తన బల్ల మీది అంబారీ ఏనుగుని తెచ్చి ఆ గోతాం మీద కూర్చోబెట్టాడు.

పది గంటలకి అందరూ వచ్చారు. ఫ్యాక్టరీ మేనేజరు, ఇంజినీరుగారు, కాగితాలు, కలం. ముందుగా ఎండు వడ్లు యంత్రంలో పోశారు. బియ్యం మల్లెపువ్వుల్లానే వచ్చాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంజినీరుగారు కలం మూత తీశారు. ఫోర్‌మన్ నా వైపు చూశాడు. నేను ఏనుగుని పక్కన పెట్టి, గంప ఎత్తి, వడ్లు యంత్రంలో కుమ్మరించాను.

ఆగవయ్యా అని ఇంజినీరుగారు తెలుగులో అరిచారు. అప్పటికే పోశాను. యంత్రం గొంతు మారింది. ముందు మూలిగింది, తర్వాత పట్టేసింది. కింద తట్టలోకి బియ్యం రాలేదు. నూకలు, సగం ఒలిచిన వడ్లు, పిండిలా నలిగిన ముద్ద వచ్చాయి. భాయ్ పరిగెత్తి స్విచ్చి కట్టేశాడు.

ఈ వడ్లు ఎక్కడివని మేనేజరు అడిగించాడు. మావేనన్నాను. మరి ఆ ఎండు వడ్లు ఎక్కడివన్నాడు. అవి కూడా మావేనన్నాను.

"అవి చుట్టాలకి పంపేవండీ. ఇవి మేం పండించేవి," అన్నాను.

ఆవిడ ఆ మాటని జపనీసులోకి మార్చడానికి చాలాసేపు తీసుకుంది. అది విన్నాక మేనేజరు తట్టలోని ముద్దని వేళ్లతో నలిపి చూశాడు. తర్వాత ఫోర్‌మన్‌తో ఏదో మాట్లాడాడు. ఫోర్‌మన్ తన పళ్లు చూపించి, నా పళ్లు చూపించి, ఏదో చెప్పాడు. ఇంజినీరుగారు కలం మూత పెట్టేశారు. సంతకం రేపు చేస్తానని వాళ్లకి ఇంగ్లీషులో చెప్పి, నావైపు తిరిగి తెలుగులో, ఊరికెళ్లాక నీ సంగతి చూస్తాను అన్నారు.

మర్నాడు అదే ఇంజినీరుగారు పెద్ద డ్రయ్యర్ కోసం నాలుగు గంటలు వాదించారు. మా డెల్టాలో నవంబరు వాన ఎలా ఉంటుందో మీకేం తెలుసని బల్ల గుద్ది మరీ అడిగారు. రెండో పాలిష్ మిషను పోయింది, పెద్ద డ్రయ్యర్ వచ్చింది. ఊరికొచ్చాక ఆయన సర్కారుకి రాసిన నివేదిక నాకు చూపించారు. తన సూచన మేరకు పచ్చి వడ్లతో కూడా పరీక్ష జరిపించినట్టు అందులో ఉంది. నేను చదివి, బాగుందండీ అన్నాను. నా సంగతి ఆయన ఎప్పుడూ చూడలేదు.

అధ్యక్షులవారు మాత్రం బియ్యం అంత తెల్లగా రావట్లేదని ఏడాదిపాటు నాతో ముభావంగా ఉన్నారు. మల్లెపువ్వుల ఉత్తరం నేను రాయకపోతే బాగుండేది.

యంత్రాలు వచ్చిన ఏడాది కోతల్లో నాలుగు రోజులు వాన పట్టింది. ఐదో రోజు బావగారు రెండు బండ్లతో వచ్చారు. బండి దిగకుండానే, తిరిగి వెళ్లడానికి సిద్ధంగా, ఎడ్ల పగ్గాలు చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు. నేను వెళ్లి ఒక గింజ తీసి కొరికాను. పంటికి అతుక్కుంది.

"దింపు బావా," అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. బస్తాలన్నీ డ్రయ్యర్లో పోశాం. ఆయన దాని పక్కనే నిలబడి వేడిగాలి తగిలే రేకు మీద అరచెయ్యి ఆనించి సాయంత్రం దాకా కదల్లేదు. అప్పుడు అడుగున తలుపు తీసి, ఒక గింజ ఆయన నోటికి అందించాను. కొరికారు. టక్కుమని పగిలిన చప్పుడు నాకు కూడా వినబడింది.

ఆయన ఆ గింజని నెమ్మదిగా నమిలి మింగారు. కండువాతో ముఖం తుడుచుకున్నారు.

"ఈసారి ఎవరైనా వడ్లు పంపమంటే ముందు మా ఇంటికి రా బావమరిదీ," అన్నారు.